ఇంటి పొయ్యిమీద ఎస్ప్రెసో

పెండ్లివిందు ముగిసిన పిమ్మట పందిరి మూలకు పోయి నిలుచుండుట మనలో పెక్కుమందికి అలవాటు. అచ్చట ఒక యంత్రము బుసలు కొట్టుచు ఆవిరి కక్కుచుండును. ఒక యువకుడు పాలను, చక్కెరను, కాఫీపొడిని ఒక చెంబులో కలిపి ఆ యంత్రపు గొట్టము క్రింద పట్టును. క్షణములో పాలు నురుగెత్తి పొంగును. పైన చిటికెడు చాక్లెట్టు పొడి చల్లి మన చేతి కిచ్చును. దానిని మనము ఎస్ప్రెసో కాఫీ యని పిలుచుకొనుచున్నాము. అది రుచిగానే యుండును. చలికాలపు రాత్రి ముహూర్తమైనచో మరింత రుచిగా నుండును. కాని ఆ పేరుతో ఇటలీ దేశమున త్రాగుచున్న కాఫీకిని దీనికిని ఆవిరితోడి చుట్టరికము తప్ప వేరు సంబంధము లేదు.

ఈ సంగతి మాకు చక్కగా బోధపడుటకు మా తమ్ముని కుమారుడు కారణము. అతడు ఇటలీలోని టురిన్ నగరమున రెండేండ్లు చదువుకొని తిరిగి వచ్చుచు, మా కొరకు ఎనిమిది పలకల అల్యూమినియపు పాత్ర నొకదానిని తెచ్చెను. "పెదనాన్నా, అసలు ఎస్ప్రెసోకు యంత్రము కావలెను. ఇల్లు గడుపుకొనువారు అంత ధర పెట్టి కొనలేరు. అక్కడి ఇండ్లలో ఈ పాత్రతోనే పని జరుపుకొందురు" అనెను. ఆ మాట విని మా అమ్మగారు, "యాభై యేండ్లనుండి నేను వేయుచున్న డికాక్షనుకు ఏమి లోటు వచ్చినదిరా?" అని అడిగిరి. ఆయనమాటా ఈవిడమాటా గాక, రెండును పరీక్షించి చూతమని మేము నిశ్చయించుకొంటిమి.

కావున మా ముందు రెండు ప్రశ్నలు నిలిచినవి. యంత్రము లేకుండ ఇంటిలో ఎస్ప్రెసో వంటి కాఫీని చేయవచ్చునా? చేయవచ్చునన్నచో, మన ఫిల్టరు ఆ పనికి చాలునా, చాలదా? సమాధానము వెదకుచు మేము వంటింటిలో కొన్ని వారములు గడిపితిమి. కొంత పొడి వ్యర్థమైనది. ఒకనాడు ప్రమాదపు అంచు దాక పోయి వచ్చితిమి. తెలిసికొన్న దానిని పాఠకుల ముందుంచుటకే ఈ నాలుగు మాటలు.

ఎస్ప్రెసో యన నేమి?

ఇటాలియను భాషలో ఆ మాటకు ఒత్తి తీసినది యని అర్థము. అప్పటికప్పుడు, అడిగినవారి కొరకే చేసి యిచ్చినది యను భావము కూడ అందులో నున్నది. మొదటి అర్థమును పట్టుకొనినచో మర్మ మంతయు తెలియును. ఎస్ప్రెసో యనునది ఒక జాతి గింజ కాదు. ఒక రకపు వేపుడు కాదు. మీది నురుగు కూడ కాదు. అది ఒక పద్ధతి. మెత్తగా విసరిన పొడిని చిన్న గిన్నెలో బిగువుగా అదిమి, వేడినీటిని గొప్ప ఒత్తిడితో దానిగుండ పంపుటయే ఆ పద్ధతి.

ఇటలీలో వాడుకలో నున్న లెక్క యిది: పొడి 7 గ్రాములు, నీటి వేడి 90 డిగ్రీలకు ఇంచుమించు, కాలము 25 సెకండ్లు, దిగిన కాఫీ 25 మిల్లీలీటర్లు, ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి సుమారు 9 రెట్లు. ఇప్పటి కాఫీశాలలలో పొడి 18 గ్రాముల వరకు వేసి, అందుకు తగినట్లు రెట్టింపు బరువుగల కాఫీని దింపుచున్నారు. లెక్కలు మారినను ఒత్తిడి మాత్రము ఇంచుమించు అదే.

తొమ్మిది రెట్లన్నచో ఎంతయో ఊహించుటకు మన ప్రెషరు కుక్కరును తలచుకొందము. కుక్కరు కూత వేయునప్పుడు లోపలి ఒత్తిడి బయటి గాలికంటె సుమారు ఒక వాతావరణము మాత్రమే అధికముగా నుండును. ఆ పాటి దానికే మూత అంత బిగువుగా పట్టవలసి వచ్చుచున్నది. అన్నము నిమిషములలో ఉడుకుచున్నది. దానికి ఎనిమిది తొమ్మిది రెట్ల బలము ఎస్ప్రెసో యంత్రపు పిడిలోని చిన్న గిన్నెలో పని చేయుచున్నదని గ్రహించినచో, ఆ యంత్రమునకు అంత బరువైన ఇత్తడి, ఉక్కు భాగము లెందుకో తెలియగలదు.

ఇంత బలము దేనికి? పొడి మెత్తనిదైన కొలది నీరు తాకు తలము పెరుగును. సారము త్వరగా దిగును. కాని మెత్తని పొడి నీటికి దారి ఈయదు. దానిని దాటించుటకే ఆ బలము. అంతేకాక, వేచిన గింజలో బొగ్గుపులుసు వాయువు కొంత నిలిచి యుండును. గొప్ప ఒత్తిడిలో ఆ వాయువు నీటిలో కరగును. గింజలోని నూనె అణువణువుగా చీలి నీటితో కలియును. కాఫీ బయటి గాలిలోనికి వచ్చినంతనే ఒత్తిడి తొలగి, వాయువు సన్నని బుడగలై పైకి లేచును. ఆ బుడగలే తేనెరంగు మీగడవలె కాఫీపై నిలుచును. దానినే ఇటాలియనులు క్రేమా యందురు. మీగడ యనియే దానికి అర్థము.

ఈ పద్ధతికి గల చరిత్ర

ఆవిరి బలముతో కాఫీ దింపు యంత్రమునకు 1884లో టురిన్ నగరవాసియైన ఆంజెలో మోరియొండో పేటెంటు పొందెను. అది ఒక్కొక్క కప్పునకు గాక ఒక్కసారిగా పెద్ద మొత్తమున కాఫీ దింపు యంత్రము. ఒక్కొక్కరికి అప్పటికప్పుడు దింపి యిచ్చు యంత్రమునకు 1901లో మిలాను నగరమున లుయీజి బెజ్జెరా పేటెంటు పొందెను. ఆ హక్కులను డెసిడేరియో పవోనీ కొనెను. 1906లో మిలానులో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనములో ఈ కాఫీని జనులకు చూపిరి.

పాఠకులు ఇచట ఒక విషయమును గమనింపవలెను. ఆ కాలపు యంత్రములలో ఆవిరియే నీటిని త్రోసెడిది. దాని ఒత్తిడి ఒకటి, ఒకటిన్నర వాతావరణములకు మించెడిది కాదు. అనగా మన కుక్కరు పాటి. అప్పటి ఎస్ప్రెసోకు దట్టమైన క్రేమా లేదు. మిలాను నగరమునకే చెందిన అకిల్లే గాజ్జియా 1938లో ఆవిరి లేని పద్ధతికి పేటెంటు కోరి, రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత 1940ల చివర స్ప్రింగు గల పెద్ద పిడిని లాగి నీటిని నొక్కు యంత్రమును నిర్మించెను. ఒత్తిడి తొమ్మిది రెట్ల ప్రాంతమునకు చేరినది. కాఫీపై మీగడ తేలినది. 1961లో ఫాయెమా సంస్థ విడుదల చేసిన యంత్రములో చేతి పిడికి బదులు విద్యుత్ పంపు ఆ పని చేయసాగెను.

కావున ఇంటిలో యంత్రము లేనివారు ఏమి ఆశింపవలెనో, ఏమి ఆశింపరాదో ఈ చరిత్రయే చెప్పుచున్నది. 1940ల నాటి తరువాతి ఎస్ప్రెసోను, దానిపై నిలుచు క్రేమాను ఇంటి పాత్రలతో సాధింపజాలము. అందులకు కావలసిన ఒత్తిడి మన వద్ద లేదు. కాని కొద్ది నీటిలో అధిక సారము గల గాఢమైన కాఫీని సాధింపవచ్చును. 1906 నాటి మిలాను వాసులు ఎస్ప్రెసో యని త్రాగిన దానికి అది చాల దగ్గరగా నుండును.

మొదట పొడి సంగతి

పాత్ర యేదైనను పొడి మంచిది కానిచో శ్రమ వ్యర్థము. మన ప్రాంతములలో అమ్ముచున్న పొడిలో తరచుగా చికోరీ కలిసి యుండును. అది కాఫీ కాదు. ఒక మొక్క వేరును ఎండించి వేచి చేసిన పొడి. డికాక్షనుకు నలుపును, చిక్కదనమును, కొంత చేదును ఇచ్చును. పాలతో కలిపి త్రాగువారికి అది రుచియే. పాలు లేకుండ చిన్న కప్పులో త్రాగునప్పుడు మాత్రము చికోరీ చేదు ముందుకు వచ్చి కాఫీ పరిమళమును కప్పివేయును. చికోరీ పాలు ఎంతయో పొట్లముపై ముద్రింతురు. ఈ పనికి చికోరీ లేని పొడినే కొనవలెను.

గింజలలో అరబికా, రొబస్టా యను రెండు ముఖ్యజాతు లున్నవి. అరబికా పరిమళము గలది, మెత్తనిది. రొబస్టా గట్టి రుచి గలది. నురుగు అధికముగా నిచ్చును. అందు కెఫీను ఇంచుమించు రెట్టింపు. ఇటలీలోని పెక్కు మిశ్రమములలో రొబస్టా కొంత పాలు చేరును. భారతదేశపు కాఫీని విరివిగా కొనుచున్న దేశములలో ఇటలీ ముందువరుసలో నున్నది. కనుక అచ్చటి చిన్న కప్పులో మన కొండల గింజ కూడ కొంత కలియుచున్నదని చెప్పుట తప్పు కాదు. మన అరకు లోయలో గిరిజన రైతులు చెట్ల నీడన పెంచుచున్నది అరబికా. దానికి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. మా ప్రయోగములకు మేము ఆ గింజనే వాడితిమి.

వేచిన గింజను విసరినంతనే అందలి వాయువు, పరిమళము పోవుట ఆరంభించును. కనుక వారమునకు సరిపడు పొడినే తెచ్చుకొని, గాలి చొరని డబ్బాలో పొయ్యికి దూరముగా దాచవలెను. గింజలు కొని ఇంట విసరుకొనగలవారు ధన్యులు. మోకా పాత్రకు పొడి ఉప్పు కంటె మెత్తగను, గోధుమపిండి కంటె గరుకుగను ఉండవలెను. మన ఫిల్టరుకు దానికంటె కొంచెము గరుకైనను చాలును.

మోకా పాత్ర

మా వాడు తెచ్చిన పాత్రను మోకా పాత్ర యందురు. 1933లో ఇటలీలో అల్ఫొన్సో బియలెట్టి తన కర్మాగారమున దీనిని చేయించెను. యుద్ధానంతరము ఆయన కుమారుడు రెనాటో దీనిని ఇల్లిల్లు చేర్చెను. ఆయన 2016లో మరణించినప్పుడు చితాభస్మమును ఈ ఆకారము గల పాత్రయందే ఉంచిరి. ఒక వంటపాత్రపై ఆ దేశీయుల మమకార మట్టిది.

దీనిలో మూడు భాగములు. అడుగున నీటి గిన్నె. దానిపై గరాటు వంటి గొట్టము గల పొడి గిన్నె. ఆపైన మరచుట్టతో బిగియు కూజా. నీరు కాగినప్పుడు అడుగు గిన్నెలోని ఆవిరియు గాలియు విస్తరించి నీటిని గొట్టముగుండ పైకి త్రోయును. ఆ నీరు పొడిని దాటి పైకూజాలోనికి కాఫీగా ఉబుకును. అందు పుట్టు ఒత్తిడి ఒకటి, రెండు వాతావరణములకు మించదు.

ఇక మేము మొదట చేసిన తప్పు. ఎస్ప్రెసో పొడి పిండివలె నుండునని విని, పొడిని మిక్కిలి మెత్తగా విసరితిమి. అంతటితో ఊరకుండక, యంత్రమున అదిమినట్లు చెంచా వెనుకతో గట్టిగా అదిమితిమి. పొయ్యి మంట పెద్దది చేసి ఎదురుచూచితిమి. కాఫీ రాలేదు. రెండు నిమిషములు గడచినవి, మూడు గడచినవి. అకస్మాత్తుగా పాత్ర ప్రక్కనున్న చిన్న సేఫ్టీ వాల్వునుండి ఆవిరి ఈటెవలె చిమ్మి ఎదుటి గోడను తాకినది. మా తమ్ముని కుమారుడు చప్పున మంట నార్పెను. పాత్ర వేడి తగ్గు దాక ఎవ్వరమును దానిని ముట్టలేదు. అదృష్టవశమున వాల్వు గోడవైపునకు తిరిగి యుండెను. అటు మా అమ్మగారు నిలిచి యున్నచో ఏమి జరిగెడిదో తలచుకొనుటకే భయము.

జరిగిన దేమనగా, యంత్రమునకు తగిన పొడిని, అదుమును బలహీనమైన పాత్రకు పెట్టితిమి. ఒకటి రెండు వాతావరణముల బలము ఆ గోడను చీల్చలేకపోయినది. నీటికి దారి లేక ఒత్తిడి పెరిగినది. వాల్వు తన పని తాను చేసినది. అది పూడిపోయి యున్నచో పాత్రయే పగిలెడిది. కావున ఈ నియమములను తప్పక పాటింపవలెను.

నీటిని వాల్వు క్రిందివరకే పోయవలెను, వాల్వును ముంచరాదు. పొడిని గిన్నె అంచువరకు వదులుగా నింపి, వ్రేలితో చదును చేయవలెను, ఎంతమాత్రమును అదుమరాదు. అంచున అంటిన పొడిని తుడిచి, రబ్బరు చుట్టు సరిగా నున్నదో లేదో చూచి, గుడ్డతో పట్టుకొని గట్టిగా బిగింపవలెను. వాల్వు ముఖము మనుష్యులున్న వైపునకు గాక గోడవైపునకు త్రిప్పవలెను. నీరు లేకుండ పొయ్యిమీద ఎన్నడును పెట్టరాదు. మన పల్లెలలోను పట్టణములలోను బోరు నీరు తరచుగా ఉప్పదనము గలది. అట్టి నీటి సున్నము క్రమముగా వాల్వును పూడ్చును. మంచి త్రాగునీటినే వాడి, అప్పుడప్పుడు వాల్వును పరీక్షించుచుండవలెను.

ఇప్పుడు చేయు విధము. మూడు చిన్న కప్పుల పాత్రకు నీరు సుమారు 150 మిల్లీలీటర్లు, పొడి 15 గ్రాములు సరిపోవును. నీటిని ముందుగా వేరు గిన్నెలో కాచి అడుగు గిన్నెలో పోయుట మేలు. చన్నీటితో మొదలిడినచో నీరు కాగు లోపల లోహము వేడెక్కి పొడి మాడిన వాసన పట్టును. సన్నని మంటపై పెట్టి పైమూతను తెరచి యుంచవలెను. మొదట చిక్కని నల్లని ధార మెల్లగా వచ్చును. పిదప రంగు తేలిపోయి తేనెరంగుకు తిరుగును. బుడబుడమను చప్పుడు మొదలైనంతనే దింపి, అడుగును తడిగుడ్డపై నుంచవలెను. ఆ చప్పుడు వినుచు ఇంకను మంటపై నుంచుటవలననే చాల ఇండ్లలో ఈ కాఫీకి చేదు యను అపకీర్తి వచ్చినది. పొడిలోని పులుపు, తీపి గల సారములు ముందు దిగును. చేదు గలవి చివర దిగును. చివరి ధారను వదలుకొనుటయే ఇందలి నేర్పు.

అల్యూమినియపు పాత్రను గట్టి సబ్బుపొడితో, పీచుతో తోమరాదు. వేడినీటితో కడిగి, భాగములను విడదీసి ఆరబెట్టవలెను. విద్యుత్ ఇండక్షను పొయ్యి కలవారు ఉక్కు పాత్రను కొనవలెను. ఆ పొయ్యిమీద అల్యూమినియము వేడెక్కదు.

మన ఫిల్టరుతో

ఇక మా అమ్మగారి ప్రశ్న. మన ఫిల్టరులో ఒత్తిడి యన్నదే లేదు. నీరు తన బరువుతో తాను బొట్టుబొట్టుగా దిగును. అయినను డికాక్షను అంత చిక్కగా నుండుటకు కారణము రెండు: పొడికి తగ్గ నీరు కొద్దిగా నుండుట, ఆ నీరు పొడిలో చాలసేపు నిలుచుట. యంత్రము బలముతో 25 సెకండ్లలో చేయు పనిలో అధిక భాగమును మన పాత్ర అరగంట నిలిపి చేయుచున్నది.

ఎస్ప్రెసోవలె త్రాగుటకు డికాక్షనును వేయు తీరు కొంచెము మార్చవలెను. పై గిన్నెలో 30 గ్రాముల పొడిని వేసి చదును చేయుడు. కాడ గల చిల్లుల బిళ్ళను పొడిపై నుంచి, దాని బరువు పడునంత మాత్రమే తేలికగా నొక్కుడు. మరగిన నీటిని అరనిమిషము ఆరనిచ్చి, మొదట రెండు మూడు చెంచాలు మాత్రము చిలికి, పొడి తడిసి ఉబ్బుటకు ఒక నిమిషము వ్యవధి యిండు. తరువాత మిగిలిన నీటిని నెమ్మదిగా పోయుడు. మొత్తము నీరు 150 మిల్లీలీటర్లకు మించరాదు. మూత పెట్టి అరగంట కదలింపకుడు. పొడి తన బరువునకు రెట్టింపు నీటిని పీల్చుకొనును గనుక అడుగున సుమారు 90 మిల్లీలీటర్లు దిగును. అది మూడు చిన్న కప్పులు. రెండవమారు నీరు పోసి తీసిన పలుచని డికాక్షనును ఇందులో కలుపరాదు. దానిని పాల కాఫీకి వాడుకొనవచ్చును.

దిగునప్పటికి డికాక్షను చల్లారును. దానిని నేరుగా మంటపై పెట్టి మరగించినచో పరిమళ మంతయు పోవును. అడుగు గిన్నెను వేడినీటిలో నిలిపి వెచ్చచేయవలెను. త్రాగు కప్పును కూడ వేడినీటితో తొలిచి పెట్టుకొనవలెను. ముప్పది మిల్లీలీటర్ల కాఫీ చల్లని కప్పులో పోసినంతనే చల్లారిపోవునని మరువరాదు.

చేతి ఒత్తిడి

మూడవ మార్గము 2005లో అమెరికా దేశస్థుడైన ఆలన్ ఆడ్లరు రూపొందించిన ఏరోప్రెస్ యను గొట్టము. ఇది సూదిమందు సిరంజి వంటిది. అడుగున సన్నని కాగితపు వడపోత యుండును. మెత్తని పొడి 15 గ్రాములు వేసి, 80 డిగ్రీల వేడి నీరు 60 మిల్లీలీటర్లు పోసి, పది సెకండ్లు కలిపి, పై కడ్డీని అరచేతితో నెమ్మదిగా అరనిమిషము నొక్కవలెను. చేతి బలము స్వల్పము గనుక క్రేమా రాదు. కాని కాఫీ తేటగను, చేదు తక్కువగను ఉండును. నొక్కునప్పుడు క్రింద గట్టి కప్పునే పెట్టవలెను. పలుచని గాజు గ్లాసు పగిలినచో వేడి కాఫీ చేతిపై పడును.

నురుగు సంగతి

ఇనస్టెంటు పొడిని చక్కెరతో, చెంచాడు నీటితో కలిపి తెల్లబడు దాక గిలకొట్టి పైన వేయుట మన ఇండ్లలో చాలకాలముగా నున్నది. 2020లో లాక్‌డౌను దినములందు దల్గోనా యను పేరుతో అదియే లోకమంతట ప్రచారమైనది. అది కంటికి ఇంపైన నురుగు, నాలుకకు తీపి. కాని అది గాలిని గిలకొట్టి చేర్చిన నురుగే గాని, గింజనుండి వెలువడిన మీగడ కాదు. దానిని దానిగా ప్రేమించుటలో తప్పు లేదు. దానిని క్రేమా యని భ్రమపడ నక్కరలేదు.

పాల నురుగు కోరువారు మీగడ తీసిన కాచిన పాలను 60 నుండి 65 డిగ్రీల వరకు వెచ్చచేసి, అనగా వ్రేలు ముంచి క్షణమైనను ఓర్వలేనంత వేడి చేసి, లోతైన గిన్నెలో చిన్న కవ్వముతో చిలికినచో చక్కని నురుగు వచ్చును. అంతకు మించి కాచినచో నురుగు నిలువదు. ఈ సందర్భమున ఒక హెచ్చరిక. పెండ్లి యంత్రమువలె ఆవిరి గొట్టము కావలెనని, కుక్కరు కూత తీసి ఆ స్థానమున రబ్బరు గొట్టము తగిలించు సాహసము కొందరు చేయుచున్నారు. గొట్టము జారిన ముఖము కాలును. అది మూసికొనిపోయిన కుక్కరే ప్రేలును. కప్పెడు నురుగు కొరకు అట్టి పనికి పూనుకొనరాదు.

ఎంత త్రాగవలెను?

కప్పు చిన్నది గదా యని మోసపోరాదు. కెఫీను నీటి కొలతను బట్టి గాక, పొడి కొలతను బట్టి యుండును. అరబికా పొడి బరువులో నూటికి ఒకటింబాతిక వంతు ప్రాంతము కెఫీను. పది గ్రాముల పొడినుండి దిగిన చిన్న కప్పులో నూరు మిల్లీగ్రాములకు పైగా నుండవచ్చును. ఆరోగ్యవంతులైన పెద్దలకు దినమునకు 400 మిల్లీగ్రాములు, గర్భిణులకు 200 మిల్లీగ్రాములు మించరాదని ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2015లో తెలిపెను. మా ప్రయోగముల తొలినాళ్ళలో మా అమ్మగారు సాయంకాలము రెండు చిన్న కప్పులు రుచి చూచి, ఆ రాత్రి మూడవ జామువరకు నిద్ర పట్టక దేవుని పాటలు పాడుకొనుచు కూర్చుండిరి. నాటినుండి ఈ కాఫీ మా ఇంట మధ్యాహ్నము మూడు గంటలకు తరువాత చేయబడుట లేదు. గుండెజబ్బు, రక్తపు పోటు కలవారు తమ వైద్యుని అడిగిన తరువాతనే దీని జోలికి పోవలెను.

తుది మాట

కడపట ఒక ఆదివారము ఉదయమున మూడు కప్పులను వరుసగా పెట్టి, ఏది యేదో చెప్పక మా ఇంటివారి నందరిని రుచి చూడుమంటిమి. మోకా పాత్ర కాఫీ వేడిగను, నోటినిండుగను ఉన్నదని అందరును ఒప్పుకొనిరి. చేతి గొట్టపు కాఫీ తేటగా నున్నదనిరి. ఫిల్టరు డికాక్షనును త్రాగిన మా తమ్ముని కుమారుడు, "ఇది మోకా పాత్రదే" యని ఖండితముగా చెప్పెను. మా అమ్మగారు నవ్వి ఊరకుండిరి. కప్పు క్రింద వ్రాసిన గుర్తును చూపిన పిమ్మట అతడు కూడ నవ్వెను.

ఇంతకు తేలిన దేమనగా, క్రేమా కావలసినవారు యంత్రమున్న కాఫీశాలకు పోవలసినదే. ఇంట అది రాదు. చిక్కని, పరిమళము గల చిన్న కప్పు కావలసినవారికి వేల రూపాయలు వెచ్చింప నక్కరలేదు. తాజా పొడి, కొలిచిన నీరు, సన్నని మంట, కొంత ఓపిక యున్న చాలును. ఫిల్టరు ఇంట ఉన్నవారు రేపటి ఉదయముననే మొదలిడవచ్చును. పొడి 30 గ్రాములు, నీరు 150 మిల్లీలీటర్లు, కాలము అరగంట. డికాక్షను దిగు లోపల రేడియోలో ప్రాంతీయ వార్తలు వినుచు కూర్చుండవచ్చును.